దేన్ని తీసి దీన్ని పెడుతున్నావు?

విజయనగరం

చిరంజీవి చిన్నాకి,

మావయ్య ఆశీస్సులు. ఆదివారం విశాఖలో ఆడబోయే పోకెమాన్ కార్డుల టోర్నమెంట్ కోసం నువ్వు పంపిన డెక్ లిస్టు రెండుసార్లు లెక్కపెట్టాను. రెండుసార్లూ 62 కార్డులే వచ్చాయి. మంకిడోరి ఒకటి, దానికోసం డార్క్ ఎనర్జీ ఒకటి కొత్తగా చేర్చావు. పాతవాటిలో దేన్నీ తీయలేదు. పైగా కింద "మంకిడోరి మంచి కార్డేనా మావయ్యా?" అని అడిగావు. మంచి కార్డే. కానీ ఆ ప్రశ్నతో డెక్ కట్టలేం నాయనా. పోకెమాన్‌లో డెక్, అంటే ఆటకి తెచ్చే కార్డుల కట్ట, సరిగ్గా 60. అందుకే ఏ కార్డు మీద మనసుపడ్డా ముందు అడగాల్సింది "దేన్ని తీసి దీన్ని పెడుతున్నాను?" అని. తీసేదాని కంటే పెట్టేది ఎక్కువ పని చేస్తేనే అది నీకు మంచి కార్డు.

ముందు మంకిడోరి సంగతే చూద్దాం. నీది డ్రాగాపల్ట్ ఈఎక్స్ డెక్. దాని దాడి ఫాంటమ్ డైవ్ ఎదురుగా ఉన్నదానికి 200 డ్యామేజ్ కొట్టి, అవతలివాడి బెంచ్ (వెనక వరసలో ఆగే పోకెమాన్) మీద ఆరు డ్యామేజ్ కౌంటర్లు మనకి నచ్చినట్టు పంచుతుంది. ఒక్కోటి 10 కాబట్టి ఆరు కౌంటర్లంటే 60. డ్రాగాపల్ట్‌గా ఎదిగే చిన్న పోకెమాన్ డ్రీపీకేమో 70 హెచ్‌పీ, అంటే అంత దెబ్బకి తట్టుకునే ప్రాణం. ఎదుటివాడు కూడా డ్రాగాపల్టే ఆడుతుంటే, ఆరు కౌంటర్లూ ఒక్క డ్రీపీ మీదే పెట్టినా 10 మిగిలి బతికిపోతుంది, తర్వాతి టర్న్‌లో, అంటే వాడి వంతు రాగానే, మధ్య దశ అయిన డ్రాక్లోక్ అయిపోతుంది. ఆ 10 దగ్గర మంకిడోరి ఆదుకుంటుంది. మన పోకెమాన్ మీదున్న కౌంటర్లు మూడు దాకా తీసి అవతలివాళ్ల పోకెమాన్ మీద పెడుతుంది. నువ్వు ముచ్చటపడింది దీనికే కదా.

ఇప్పుడు ఖర్చు చూడు. మంకిడోరికి డార్క్ ఎనర్జీ తగిలించి ఉండాలి. మన పోకెమాన్‌కి ముందే దెబ్బ తగిలి ఉండాలి. డ్రాగాపల్ట్ దాడికి కావాల్సింది ఫైర్, సైకిక్ ఎనర్జీలు. టర్న్‌కి చేతిలోంచి ఒక్క ఎనర్జీయే పెట్టగలం కాబట్టి, మంకిడోరికి పెట్టిన టర్న్‌లో డ్రాగాపల్ట్ ఆగాలి. ఇంకో ఎనర్జీ తగిలించే సపోర్టర్ కార్డు క్రిస్పిన్ చేతిలో ఉంటే ఆ బాధ లేదు, కానీ ప్రతిసారీ క్రిస్పిన్ ఎక్కడ దొరుకుతుంది? అంటే ఈ ఒక్క కార్డు డెక్‌లో రెండు చోట్లు, ఆటలో ఒక ఎనర్జీ టర్న్ తీసుకుంటోంది. కార్డు మీద రాసింది చదివి ఊరుకోకు, దాని వెంట వచ్చే బరువు కూడా లెక్కలో వెయ్యి. మీ ఊళ్లో నీతో ఆడేవాళ్లలో సగంమంది డ్రాగాపల్టే అన్నావు. విశాఖలోనూ అలాగే ఉంటుందనుకుంటే ఆ ఖర్చు పెట్టొచ్చు. ఉండదనుకుంటే వద్దు.

మరి ఆ రెండు చోట్లు ఎక్కణ్నుంచి వస్తాయి? నా కన్ను నీ రేర్ క్యాండీల మీద పడింది, డ్రీపీని డ్రాక్లోక్ దాటించి నేరుగా డ్రాగాపల్ట్ చేసే కార్డులు. నాలుగు పెట్టావు. మొన్న సిరిమాను పండక్కి వచ్చినప్పుడు మన అరుగు మీద ఆడిన చివరి ఆట గుర్తు తెచ్చుకో. మూడో టర్న్. బెంచ్ మీద డ్రీపీలు రెండు, నీ చేతిలో రేర్ క్యాండీలు మూడు. డ్రాగాపల్ట్ ఒక్కటీ లేదు, డ్రాక్లోక్ కూడా లేదు. ఆ మూడు కార్డుల్నీ అటూ ఇటూ మార్చి పట్టుకుని చూస్తూ ఉండిపోయావు. రేర్ క్యాండీ ఒంటరిగా ఏ పనీ చేయదు. బేసిక్ పోకెమాన్ (మన డ్రీపీ) ముందు టర్న్ నుంచే ఆటలో ఉండాలి, స్టేజ్ 2 (డ్రాగాపల్ట్) చేతిలో ఉండాలి. రెండూ కలిసొస్తే అద్భుతం. కలవకపోతే చేతిలో చచ్చిన కార్డు. అదే డ్రాక్లోక్ అయితే టర్న్‌కోసారి డెక్ పైనున్న రెండు కార్డులు చూసి ఒకటి చేతిలోకి ఇస్తుంది. క్యాండీ వేసి డ్రాక్లోక్‌ని దాటేసిన ప్రతిసారీ ఆ కార్డుల్ని వదులుకుంటున్నావన్నమాట. డ్రాగాపల్ట్ డెక్‌కి నడక నేర్పేది డ్రాక్లోకే అని నా గట్టి నమ్మకం. క్యాండీ రెండు చాలు.

ఎన్ని పెట్టాలన్నదానికి కొంచెం లెక్క తెలిసుండాలి. మొదట తీసే ఏడు కార్డుల్లో ఒక కార్డు కనీసం ఒకటైనా కనబడే అవకాశం, నాలుగు పెడితే దాదాపు 40 శాతం. రెండు పెడితే 22. ఒక్కటే పెడితే 12 కూడా లేదు. పైగా ఆ ఒక్కటీ ప్రైజుల్లో, అంటే ఆట మొదట్లో పక్కన బోర్లా పెట్టే ఆరు కార్డుల్లో, ఇరుక్కునే అవకాశం 10 శాతం ఉంది. అందుకని మొదటి టర్న్‌లోనే కావాల్సిన బడ్డీ-బడ్డీ పాఫిన్ లాంటివి నాలుగూ ఉండాల్సిందే. బడ్యూ అనే చిన్న పోకెమాన్ సంగతి వేరు. దాని హెచ్‌పీ 30. పాఫిన్ 70, అంతకంటే తక్కువ హెచ్‌పీ ఉన్న బేసిక్‌లని నేరుగా బెంచ్ మీదకి తెస్తుంది. ఒక్క బడ్యూ పెట్టినా నాలుగు పాఫిన్లూ దానికి దారులే. వెతికి తెచ్చుకోగలిగేది తక్కువ పెట్టు, వెతకలేనిది ఎక్కువ పెట్టు.

సపోర్టర్ రకం కార్డులని మాత్రం విడివిడిగా చూడకు. టర్న్‌కి ఒక్కటే ఆడగలం కదా. బాసెస్ ఆర్డర్స్, క్రిస్పిన్, లిలీస్ డిటర్మినేషన్ మూడూ చేతిలో ఉన్నా పని చేసేది ఒక్కటే. కొత్త సపోర్టర్ నచ్చితే, అది ఆడిన టర్న్‌లో మిగతావేవీ ఆడలేవని గుర్తుపెట్టుకుని తూచు.

ఏస్ స్పెక్ అనే ప్రత్యేక కార్డుల గురించి రాయకుండా ఉండలేను, ఎందుకంటే డెక్ మొత్తానికి ఒక్కటే పెట్టగలం. నువ్వు ప్రైమ్ క్యాచర్ పెట్టావు. అవతలి బెంచ్ మీద నుంచి కావాల్సినదాన్ని ముందుకి లాగడం, అదే టర్న్‌లో సపోర్టర్ కూడా మిగలడం, బాగుంటుంది. నేనైతే అన్‌ఫెయిర్ స్టాంప్ పెడతాను. కిందటి టర్న్‌లో మన పోకెమాన్ నాకౌట్ అయితేనే అది ఆడొచ్చు. అప్పుడు ఇద్దరి చేతులూ డెక్‌లో కలిసిపోయి మనకి ఐదు, అవతలివాడికి రెండు వస్తాయి. నీ డెక్‌లో బడ్యూ ముందు నిలబడి కొడుతూ అవతలివాణ్ని ఐటమ్ రకం కార్డులు ఆడనీయకుండా ఆపుతుంది. వాడు దాన్ని నాకౌట్ చేస్తే వాడికి ఒక ప్రైజు కార్డు దక్కుతుంది, కానీ స్టాంప్ తలుపు తెరుచుకుంటుంది. ఈ రెండు కార్డులూ ఒకదానికొకటి పని కల్పిస్తున్నాయి, నాకు కావాల్సింది అదే. ఒక్కటి చూసుకో: స్టాంప్ కూడా ఐటమే. అవతల బడ్యూ కొడుతుంటే నీదీ చేతిలోనే ఆగిపోతుంది.

ఇవన్నీ నా మాట మీద నమ్మేయకు. ఆడి చూడు. అయితే గెలిచిన ఆటల్లో అన్ని కార్డులూ మంచివిగానే కనబడతాయి, కాబట్టి ఓడిన ఆటల మీద ఎక్కువసేపు కూర్చో. ఒకసారికి ఒకటో రెండో మార్చు. ఐదారు మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. నాకు బాగా ఇష్టమైన పద్ధతి ఒకటుంది. అనుమానంగా ఉన్న కార్డు తీసేసి, దాని స్లీవ్‌లో ఖాళీ కాగితం ముక్క పెట్టు, వెనకాల మామూలు కార్డు ఉంచి. ఆటలో ఆ ఖాళీ చేతికొచ్చిన ప్రతిసారీ "ఇప్పుడిది ఏ కార్డై ఉంటే బాగుండును?" అని నోట్‌బుక్‌లో రాసుకో, టర్న్ నంబరుతో సహా. పది ఆటల తర్వాత ఆ పేజీ చూస్తే నీకే తెలిసిపోతుంది. చాలాసార్లు నువ్వు ఊహించిన కార్డు కాకుండా ఇంకో పాఫినో, ఎనర్జీయో రాసి ఉంటుంది. ఇది ఇంట్లో ఆడుకోవడానికే, టోర్నమెంట్‌లో చీటీలు చెల్లవు.

ఇలా తేల్చుకున్నాకే డబ్బు పెట్టు. ఒక్క కార్డు కోసం బూస్టర్ ప్యాకెట్లు చింపుతూ కూర్చోకు, విడి కార్డు కొనుక్కో. ఫ్యాన్సీ షాపుల్లోనూ తీర్థాల్లోనూ అమ్మే బంగారు రంగు ప్లాస్టిక్ కార్డులు నకిలీవి. కొనేముందు కార్డు అడుగున మూల ఉండే చిన్న అక్షరం చూసుకో. టోర్నమెంట్లు ఆడే స్టాండర్డ్ పద్ధతిలో పాత అక్షరాలున్న కార్డులు క్రమంగా తప్పుకుంటాయి. ఈ ఏడు పనికొచ్చిందే వచ్చే ఏడు పనికిరాకపోవచ్చు.

గెలిచినవాళ్ల లిస్టు తెచ్చి యథాతథంగా ఆడడంలో తప్పేమీ లేదు, మొదలుపెట్టడానికి అదే మంచిది. అందులో ఒక్క కార్డు నీకు అర్థంకాకపోతే వెంటనే తీసేయకు. అది ఎందుకుందో తెలిసేదాకా ఆడు, ఆ తర్వాత మార్చు.

గురువారం లోగా 60తో లిస్టు రాసి పంపు. ఏం తీశావో, ఎందుకు తీశావో రెండు లైన్లు రాయి. టోర్నమెంట్‌లో లిస్టు ఇచ్చాక డెక్‌లో తేడా వస్తే పెనాల్టీ పడుతుంది కాబట్టి శనివారం రాత్రి మీ అమ్మ చేత ఒకసారి లెక్కపెట్టించు. ఆదివారం పొద్దున్న ఆమదాలవలసలో రైలెక్కాక ఇక కార్డులు మార్చొద్దు, ఎంత టెన్షన్‌గా ఉన్నా సరే. చీపురుపల్లి దాటగానే ఫోన్ చెయ్యి. మీ అత్త టిఫిన్ కట్టిస్తుంది, నేను స్టేషన్‌కి తెస్తాను, నీతో పాటే విశాఖ వస్తాను.

నీ మావయ్య