సూది పడితేనే వైద్యమా?

అమ్మాయీ,

"మాత్ర ఇస్తే అసలు మందే ఇవ్వనట్టు చూస్తారు పిన్నీ" అని నీ వార్డు రోగుల గురించి రాశావు. ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను, ఆ చూపు నాకు బాగా తెలుసు. వాళ్ల మీద విసుక్కోకు. ఎప్పుడో ఒక సూది పడగానే నొప్పి చటుక్కున తగ్గి ఉంటుంది. ఆ గుర్తు అంత తేలిగ్గా పోదు.

వాంతులు లేకుండా మింగగలుగుతుంటే, లెవోఫ్లాక్సాసిన్, లినెజోలిడ్ వంటి యాంటీబయాటిక్‌లు నోటి ద్వారా ఇచ్చినా దాదాపు నరంలోకి ఎక్కించినంతగా ఒంటికి అందుతాయి. పైగా క్యాన్యులా, అదే మందు ఎక్కించే సన్నని గొట్టం, పెట్టిన చోట నరం వాచే బాధ తప్పుతుంది. సూది నుంచి మాత్రకు మార్చాలా వద్దా అన్నది డాక్టరు తేలుస్తారు, గుర్తు చేయవలసింది నువ్వు. అయితే అన్ని మందులకూ ఇదే పాట పాడావో, దొరికిపోతావు. ఇన్సులిన్ ప్రోటీను, మింగితే కడుపులోనే జీర్ణమైపోతుంది. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్రను మింగితే చాలా భాగాన్ని కాలేయమే విరిచేస్తుంది. ఒక పెద్దాయన ఆ మాత్రను గ్లాసెడు నీళ్లతో మింగేసి "తగ్గలేదమ్మా" అన్నాడు. ఆయనను ఏమనగలను? నాలుక కింద అని చెప్పేసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది నేనే.

ఇన్‌హేలర్ ఇచ్చేటప్పుడు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చో. "అలవాటైపోతుందేమో, మాత్రే ఇవ్వండి" అంటారు. అప్పుడు లెక్క చెప్పు. ఆయాసానికి ఇచ్చే సాల్బుటమాల్ ఒక పఫ్‌లో, అంటే ఒక నొక్కులో, ఉండేది 100 మైక్రోగ్రాములు. 4 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి వేసుకుంటే 40 పఫ్‌లంత మందు మింగినట్టే, అందులో చాలా భాగం ఒళ్లంతా తిరుగుతుంది. చేతి వణుకు, గుండె దడ ఊరికే రావు. ఈ మాటకు కళ్లు పెద్దవి చేసినవాళ్లను ఎంతమందిని చూశానో! తర్వాత వాళ్ల ఇన్‌హేలర్ వాళ్ల చేతికే ఇచ్చి పీల్చి చూపించమను. ముందు నొక్కేసి, తీరికగా ఊపిరి తీసుకుంటారు. మందంతా గొంతుకు తగిలి అక్కడే ఆగిపోతుంది. అలాంటివాళ్లకు స్పేసర్, అదే ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి డబ్బా, అడుగు. స్టెరాయిడ్ ఇన్‌హేలరైతే పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మమని చెప్పు.

ఇక మన సంగతి. సపోజిటరీ, అంటే మలద్వారంలో పెట్టే మందు, డాక్టరు రాస్తే చాలు, "రోగి ఒప్పుకోరు డాక్టర్, ఇంజెక్షన్ రాయండి" అని ఫోన్ చేసే నర్సులుంటారు. రోగిని అడిగి ఉండరు. నేనూ అలా చేసినదాన్నే. వాంతులతో ఏదీ నిలవని ఒకావిడకు రెండు సూదులు పొడిచాక, సపోజిటరీ సంగతి తెలిసి ఆవిడ అన్నది: "దానికేముంది, ముందే చెప్పవలసింది!" సిగ్గు పడింది నేను, పోటు పడింది ఆవిడకు. తెర వేసి, గొంతు తగ్గించకుండా, మలద్వారంలో పెట్టే మందని మామూలుగా చెప్పు. తనే పెట్టుకుంటానంటే చేతి తొడుగు ఇచ్చి, ఎడమ పక్కకు తిరిగి పై మోకాలు మడుచుకోమను.

తొందరలో మాత్రలు నూరడం కూడా మన జబ్బే. రోజంతా నెమ్మదిగా విడుదల కావలసిన మాత్రను పొడి చేస్తే మోతాదంతా ఒక్కసారే దిగుతుంది. ఫార్మసీలో సిరప్ ఉందేమో ముందు అడుగు. గట్టి నొప్పులకు చర్మం మీద అంటించే ఫెంటానిల్ ప్యాచ్ విషయం ఇంకోసారి రాస్తాను, అంతవరకూ కొత్తది అంటించే ముందు పాతది తీశావో లేదో రోగి వీపు మీద కూడా వెతుకు.

కిటికీ పక్క మంచం ఆవిడ సూది చూస్తేనే చేయి లాక్కుంటోందని రాశావు. మొండితనం అన్నావు కానీ, ఎందుకని అడిగావా? ఆ చేయి ఒకసారి వెలుతురులో తిప్పి చూడు. ఎన్ని నీలం మచ్చలున్నాయో లెక్కపెట్టి నాకు రాయి.

నీ పిన్ని