‘బులిట్’ ఛేజ్‌లో సంగీతం ఆగిపోతే డిస్కు పాడైనట్టు కాదు

‘బులిట్’ సినిమాలో కార్ల ఛేజ్ మధ్యలో సంగీతం ఆగిపోతోంది, డిస్కు పాడైందా అని అడిగారు. మీ డిస్కులో లోపం లేదు. ‘బులిట్’ (1968)లో ఛేజ్ అసలు వేగం అందుకోగానే సంగీతం ఆపేయడం కావాలని చేసిన పనే. అయితే “సంగీతం పోయాక అంతా చప్పగా ఉంది, జనం దీన్ని ఎందుకు మెచ్చుకుంటారు?” అన్నారు చూడండి, అక్కడ మీ టీవీ మీద నాకు అనుమానం.

1. టీవీ ధ్వని సెట్టింగులు తెరవండి. మాటలు స్పష్టంగా వినిపించే మోడ్ ఆన్‌లో ఉంటే తీసేయండి. ఎక్కువ మంది మరిచేది ఇదే. వార్తల కోసమో సీరియళ్ళ కోసమో ఇంట్లో ఎవరో పెట్టి వదిలేస్తారు. అది మాటలను పెంచి మిగతా చప్పుళ్ళను అణిచేస్తుంది. ఈ ఛేజ్‌లో మాటలే లేవు, ఉన్నదంతా ఇంజిన్ల గర్జనే. అదీ తగ్గిపోతే ఇక మిగిలేదేముంది?

2. పెద్ద చప్పుళ్ళను తగ్గించే రాత్రి మోడ్ ఉంటే అదీ తీసేయండి.

3. సినిమా గంట దాటాక, శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో నల్ల ఛార్జర్ కారు, హీరో మస్టాంగ్ కారు నెమ్మదిగా తిరిగే చోటు నుంచి మళ్ళీ చూడండి. లాలో షిఫ్రిన్ సంగీతం వినిపిస్తుంటుంది. ఛార్జర్ డ్రైవర్ సీటు బెల్టు బిగించుకుంటాడు, టైర్లు కీచుమంటాయి, సంగీతం ఆగుతుంది. అక్కడ మీ గది అదరాలి.

ఛేజ్‌లో ఒకే ఆకుపచ్చ ఫోక్స్‌వ్యాగన్ కారు పదే పదే కనిపించడం మాత్రం సినిమాలోని పొరపాటే. అయినా ఎడిటింగ్‌కు ఆస్కార్ వచ్చింది. కథ నెమ్మది అన్న మీ ఫిర్యాదుకు నా దగ్గర మందు లేదు, నాకూ అలాగే అనిపించింది.