కాసా వాలంటీరుగా చేరబోతున్న అమ్మాయికి

చిరంజీవి సౌజన్యకు,

పెద్దమ్మ ఆశీస్సులు. టెక్సస్‌లో కాసా వాలంటీరుగా, అంటే కోర్టు నియమించే ప్రత్యేక ప్రతినిధిగా, ఫాస్టర్ కేర్ పిల్లల తరఫున కోర్టులో నిలబడతానన్నావట, చాలా సంతోషం. సొంతింట్లో క్షేమం లేదని ప్రభుత్వం వేరే ఇళ్లలో ఉంచిన పిల్లలు వాళ్లు. 1977లో సియాటిల్ జడ్జి డేవిడ్ సూకప్ మొదలుపెట్టించిన పని ఇది. నువ్వు లాయరువీ కావు, పిల్లల సంరక్షణ శాఖ తరఫున కేసు చూసే కేస్‌వర్కరువీ కావు. బిడ్డకి ఏది మేలో కళ్లారా చూసి జడ్జికి చెప్పే మనిషివి.

వేలిముద్రలు, నేరచరిత్ర తనిఖీ, ఇంటర్వ్యూ, కనీసం 30 గంటల శిక్షణ, ఆపైన ప్రమాణం. ఇదంతా తేలికే. కష్టమల్లా చివరిదాకా ఉండటం. బిడ్డని తాత్కాలికంగా పిల్లల సంరక్షణ శాఖకి అప్పగిస్తూ జడ్జి ఆర్డరిచ్చిన ఏడాది తర్వాత వచ్చే మొదటి సోమవారానికల్లా తుది విచారణ మొదలవ్వాలి. జడ్జి దాన్ని ఇంకో 180 రోజులు పొడిగించవచ్చు. అంటే ఏడాదిన్నర చేతిలో ఉంచుకో. ఇప్పటికే ఎందరో వదిలి వెళ్లిన బిడ్డ, నువ్వూ మధ్యలో మానేయకూడదు.

కోర్టు నిన్ను ఆ బిడ్డకి నియమించిన ఆర్డరు రాగానే దాన్ని చూపించి బడి, డాక్టరు రికార్డులు అడుగు. నెలకోసారైనా బిడ్డ ఉన్నచోటికే వెళ్లు. ఫాస్టర్ తల్లి ఎదుట నోరు విప్పకపోవచ్చు, కాసేపు విడిగా మాట్లాడు. మందులుంటే సీసా మీది పేరు, మోతాదు రాసుకుని, ఎవరు ఎందుకు రాశారో కనుక్కో. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వేరే ఇళ్లలో ఉంటే ఎన్నాళ్లకోసారి కలుస్తున్నారో అడుగు.

రిపోర్టులో 'ఇల్లు మురికిగా ఉంది' అని రాయకు. 'మార్చి 4న సింకు నిండా గిన్నెలున్నాయి. ఫ్రిజ్‌లో పాలు, గుడ్లు ఉన్నాయి. ఇద్దరు పిల్లలకీ విడి పడకలున్నాయి' అని రాయి. మొదటిది నీ అభిప్రాయం, లాయరు ఒక్క ప్రశ్నతో కొట్టేస్తాడు. రెండోది జడ్జికి పనికొస్తుంది.

ట్యూషన్లూ క్లాసులూ ఉన్న ఇళ్లలో పెరిగిన మన కళ్లకి పేదరికం కూడా నిర్లక్ష్యంలాగే కనిపిస్తుంది. అక్కడే జాగ్రత్త. బిడ్డని చూసే విజిట్‌కి తల్లి రాలేదంటే, కారు లేకా, బస్సు లేకా, షిఫ్టు వదల్లేకా? అది కనిపెట్టి రాయాలి. ఎందుకంటే 1997 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, గత 22 నెలల్లో 15 నెలలు బిడ్డ ఫాస్టర్ కేర్‌లో ఉంటే, కొన్ని మినహాయింపులు తప్ప, తల్లిదండ్రుల హక్కుల రద్దుకి రాష్ట్రం పిటిషన్ వేయాల్సిందే. బస్సు లేక పోయిన వారాలు కూడా అందులో లెక్కకొస్తాయి. ఇల్లు క్షేమమైతే బిడ్డ ఇంటికి చేరడమే మొదటి లక్ష్యం.

'నిన్ను ఇంటికి పంపిస్తా' అని మాత్రం ఎప్పుడూ అనకు. 'నీ మాట జడ్జిగారికి చెప్తా' అను, చెప్పు. నీ సిఫార్సు వేరైనా సరే, బిడ్డ కోరిక బిడ్డ మాటల్లోనే రాయి. డబ్బు ఇవ్వడం, మీ ఇంటికి తీసుకెళ్లడం వద్దు. కారెక్కించుకునే ముందు కాసాలో నీ సూపర్‌వైజర్‌ని అడుగు. కేసు సంగతి మీ ఆయనకి కూడా చెప్పకూడదు.

ఎవరో కొట్టారనో, తాకారనో బిడ్డ చెబితే గుచ్చి గుచ్చి అడగకు, తర్వాతి విచారణ చెడుతుంది. విన్న మాట విన్నట్టు రాసుకుని వెంటనే పిల్లలపై హింస గురించి చెప్పే రాష్ట్ర హాట్‌లైన్‌కి ఫోన్ చెయ్యి, ఆ తర్వాత సూపర్‌వైజర్‌కి చెప్పు. శిక్షణకి వెళ్లేలోపే ఆ నంబరు ఫోన్‌లో పెట్టుకో.

ప్రేమతో,
పెద్దమ్మ