టెక్ సందేహాలు: అటక మీద దొరికిన డ్రీమ్‌కాస్ట్

ప్రశ్న: మా చిన్నాయన 2000లో అమెరికా నుంచి తెచ్చిన సెగా కంపెనీ వీడియో గేమ్ మెషిన్ డ్రీమ్‌కాస్ట్ మొన్న ఇల్లు సర్దుతుంటే అటక మీద దొరికింది సార్. పిన్ మార్చే అడాప్టర్ పెట్టి ఆన్ చేయొచ్చా? ఇప్పటి టీవీకి కనెక్ట్ అవుతుందా? ఇంత బాగున్న మెషిన్‌ను కంపెనీ ఎందుకు ఆపేసింది?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

ముందు కరెంటు సంగతి. పిన్ అడాప్టర్‌తో ఎట్టి పరిస్థితుల్లోనూ ఆన్ చేయొద్దు. అది పిన్నుల ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజీ తగ్గించదు. అమెరికా డ్రీమ్‌కాస్ట్ అక్కడి 120 వోల్టులకు తయారైంది, మన ఇళ్లలో వచ్చేది 230. పైగా దాని వెనక సాకెట్‌లో మన పాత టేప్ రికార్డర్ వైరు సరిగ్గా పట్టేస్తుంది. పట్టింది కదా అని స్విచ్ వేస్తే లోపలి పవర్ సప్లై కాలిపోతుంది. 230ని 110కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. ఈ మెషిన్ లాగేది 30 వాట్లలోపే, 100 వాట్లది ధారాళంగా సరిపోతుంది. షాపులో చేతికి ఇచ్చినప్పుడు బరువుగా తగలాలి. అరచేతిలో ఇమిడిపోయే తేలికపాటి ప్లగ్ చూపిస్తే వద్దనండి.

టీవీకి ఎరుపు, తెలుపు, పసుపు వైర్లతో కలపొచ్చు, బొమ్మ మాత్రం మసకగా ఉంటుంది. దీనికి పాత కంప్యూటర్ మానిటర్లకు వాడే రకం వీజీఏ కేబుల్ దొరుకుతుంది. దాన్ని వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న పెట్టెకు తగిలిస్తే 640×480లో అక్షరాలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. చాలా గేములు ఇందులో ఆడతాయి, ఆడని కొన్నింటికి పాత వైర్లే గతి. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ అడిగితే కంగారు పడకండి, లోపలి బ్యాటరీ అయిపోయిందని అర్థం. అది చార్జ్ అయ్యే రకం, పేరు ఎంఎల్2032. మెకానిక్ చూడ్డానికి అలాగే ఉందని మామూలు సీఆర్2032 వేస్తానంటే ఒప్పుకోవద్దు. మెషిన్ దాన్ని కూడా చార్జ్ చేయబోతుంది, అది ప్రమాదం.

ఇక ఎందుకు ఆపేశారన్నది. నా ఉద్దేశంలో ఇందులో డ్రీమ్‌కాస్ట్ తప్పు చాలా తక్కువ. అంతకు ముందే సెగా కొన్నవాళ్ల దగ్గరా, అమ్మేవాళ్ల దగ్గరా నమ్మకం పోగొట్టుకుంది.

1988లో జపాన్‌లో వచ్చిన సెగా గేమ్ మెషిన్ మెగా డ్రైవ్ మరుసటి ఏడాది జెనెసిస్ పేరుతో అమెరికా చేరింది. 1991లో సెగా గేమ్ హీరో సోనిక్ రావడంతో అక్కడ పోటీ కంపెనీ నింటెండోకే చెమటలు పట్టించింది. అసలు తప్పటడుగులు 1994లో పడ్డాయి. జెనెసిస్‌కు తగిలించే 32ఎక్స్ అనే పరికరాన్ని 159 డాలర్లకు అమెరికాలో అమ్మకానికి పెట్టిన నెలలోనే, జపాన్‌లో పూర్తిగా కొత్త కన్సోల్ (గేమ్ మెషిన్) శాటర్న్‌ను దించింది. 32ఎక్స్ కొన్న పిల్లలు, డబ్బు కట్టిన తల్లిదండ్రులు ఏమనుకోవాలి? వాళ్ల కోపం న్యాయమైనదే.

1995 మేలో ఇంకా పెద్ద దెబ్బ. లాస్ ఏంజెలెస్‌లో జరిగిన తొలి ఈ3 వీడియో గేముల ప్రదర్శనలో, సెప్టెంబరులో రావాల్సిన శాటర్న్ ఈరోజే షాపుల్లో ఉందని సెగా ప్రకటించింది. ధర 399 డాలర్లు. సరుకు మాత్రం ఎంపిక చేసిన కొన్ని చైన్ షాపులకే వెళ్లింది. మిగతావాళ్లు మండిపడ్డారు. కేబీ టాయ్స్ అయితే సెగా సరుకే పెట్టనంది. గేములు తయారుచేసే కంపెనీలు సెప్టెంబరు లెక్కలో పని చేసుకుంటున్నాయి కాబట్టి ఆడటానికి గేములూ అంతంతమాత్రమే. అదే ప్రదర్శనలో సోనీ ప్రతినిధి వేదిక ఎక్కి ప్లేస్టేషన్ ధర ‘299’ అని ఒక్క మాట చెప్పి దిగిపోయాడు.

అలాంటి పరిస్థితిలో డ్రీమ్‌కాస్ట్ వచ్చింది. జపాన్‌లో 1998 నవంబరు, అమెరికాలో 1999 సెప్టెంబరు 9, ధర 199 డాలర్లు. ఇంటర్నెట్ కోసం మోడెమ్ లోపలే పెట్టారు, ఆ రోజుల్లో అది చాలా ముందుచూపు. మీ మెషిన్ పక్కన ఫోన్ వైరు పెట్టే రంధ్రం ఉంటుంది, చూడండి. కానీ పెద్ద గేమ్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ దీనికి గేములు చేయలేదు. సీడీ మీద కాపీ చేసిన గేములు మెషిన్‌లో ఏ మార్పూ లేకుండానే ఆడాయి. డీవీడీ సినిమాలు కూడా చూపించే ప్లేస్టేషన్ 2 వస్తోందని తెలిసి జనం డబ్బు దాచుకున్నారు. 2001 జనవరి 31న సెగా మెషిన్ల తయారీ ఆపేస్తున్నానని, ఇక గేములే చేస్తానని చెప్పి చేతులెత్తేసింది. అమ్ముడైనవి 91 లక్షల పైచిలుకు. ప్లేస్టేషన్ 2 మొత్తం మీద 15 కోట్లు దాటింది.

ఆ చివరి నెలల్లో ఛైర్మన్ ఇసావో ఒకావా తన సొంత ఆస్తిలోంచి సుమారు 70 కోట్ల డాలర్ల విలువైన భాగం కంపెనీకి ఇచ్చేసి, 2001 మార్చిలో కన్నుమూశాడు. సెగా నిలబడింది. అదే ఏడాది సోనిక్ నింటెండో మెషిన్లలో పరుగెత్తాడు. పదేళ్ల ముందు ఈ మాట ఎవరైనా అని ఉంటే నమ్మేవాళ్లు కాదు.

మీ మెషిన్ అమ్మేయకండి. డిస్కులూ, మెమరీ కార్డూ ఉంటే అన్నీ ఒకచోట పెట్టుకోండి.

ప్రశ్న: ప్లేస్టేషన్ 5 కొంటున్నాను. డిస్క్ ఉన్నది తీసుకోవాలా, డిజిటల్ ఎడిషనా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

బడ్జెట్ సహకరిస్తే డిస్క్ ఉన్నదే తీసుకోండి. ఆడేసిన డిస్క్ సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకోవచ్చు, స్నేహితులతో మార్చుకోవచ్చు. డిజిటల్‌లో ఆ వీలు లేదు, పైగా స్టోర్ నడిచినంత కాలమే కొనగలం. నింటెండో తన 3డీఎస్, వీ యూ కన్సోళ్ల ఆన్‌లైన్ స్టోర్లలో 2023 మార్చి 27తో అమ్మకాలు ఆపేసింది. డిస్క్ ఉన్నా కొన్ని గేములకు భారీ అప్‌డేట్లు దించుకోక తప్పదు, కాబట్టి మీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌లో నెలకు ఎన్ని జీబీలు ఇస్తున్నారో ముందే కనుక్కోండి.