చలికాలంలో డోర్ వైజర్ ఊడిపోతోందా? టేపును తిట్టేముందు డోర్ మీద చెయ్యి పెట్టి చూడండి

ప్రశ్న: కారు నాలుగు డోర్లకూ వైజర్లు (కిటికీ పైన వాన జల్లు లోపలికి రాకుండా అంటించే ప్లాస్టిక్ పట్టీలు) కొని, బాగా చలిగా ఉన్న రోజుల్లో ఒక ఉదయం ఆరుబయటే అంటించేశాను. ఆ రోజు గట్టిగానే పట్టుకున్నట్టు అనిపించింది. పది రోజులు కాకుండానే డ్రైవర్ వైపు వైజర్ వెనక కొస పైకి లేచింది, స్పీడుగా వెళ్తుంటే గాలికి టపటపా కొట్టుకుంటోంది. నొక్కితే అంటుకుంటుంది, మర్నాటికి మళ్లీ లేస్తుంది. టేపు నాసిరకం అనుకోవాలా? ఇంట్లో ఇంకో కారుకి కూడా ఒక సెట్ తెచ్చి పెట్టాను, దాన్ని ఇప్పుడే వేయాలా, ఎండలు వచ్చేదాకా ఆగాలా?

జవాబు: టేపు మంచిదే అయివుంటుందండి, మీరు అంటించిన పూటే మంచిది కాదు. మొదటిసారి వైజర్లు వేసినప్పుడు నాకూ సరిగ్గా ఇలాగే అయింది, లేచింది కూడా ఆ వెనక కొసే, అందుకే మీ ఉత్తరం చదవగానే కారణం చెప్పగలననిపించింది.

వైజర్ వెనక ఉండే ఆ నురగలాంటి డబుల్ సైడ్ టేపుకి అక్రిలిక్ జిగురు ఉంటుంది. అది ఫెవికాల్ లాగా ఆరి గట్టిపడి పట్టుకునే రకం కాదు. మనం నొక్కినప్పుడు కొద్దికొద్దిగా పాకి, పెయింట్ మీద కంటికి కనపడని గరుకుల్లోకి దిగి పట్టు తెచ్చుకుంటుంది. వెచ్చగా ఉంటే పాకుతుంది, చల్లగా ఉంటే బిగుసుకుపోయి పైపైన మాత్రమే తాకుతుంది. పైపైన తాకినా ఆ పూటకి చేతికి గట్టిగానే అనిపిస్తుంది, మోసం అక్కడే ఉంది. తర్వాత ఆ మిగిలిన సందుల్లోకి తేమ వెళ్తుంది, రాత్రి గడ్డకడితే నీళ్లు మంచుగా మారేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బుతాయి కాబట్టి లోపలి నుంచి కొంచెం కొంచెంగా ఎత్తేస్తుంది.

ఇక కొసే ఎందుకు లేచిందంటే, చలికి వైజర్ ప్లాస్టిక్ కూడా బిర్రబిగిసి ఉంటుంది. డోర్ ఫ్రేమ్ వంపు, వైజర్ వంపు ఎప్పుడూ అచ్చంగా ఒకటి కావు. మనం నొక్కి వంపు కలుపుతాం, చేయి తీయగానే అది తన వంపుకి తిరిగి పోవాలని చూస్తుంది, ఆ లాగుడంతా పడేది కొసల మీదే.

ఇంకో సంగతి కూడా ఉంది. అక్రిలిక్ ప్లాస్టిక్‌తో చేసిన వైజర్ మీటరు పొడవుంటే 30 డిగ్రీల తేడాకి దాదాపు 2 మిల్లీమీటర్లు సాగుతుంది, కింద ఉన్న స్టీల్ అర మిల్లీమీటరు కూడా సాగదు. ఈ తేడాని మధ్యలో ఉన్న ఆ నురగ టేపు సాగి సర్దుకుంటుంది, అందుకే దాన్ని అంత మందంగా చేస్తారు. కానీ సరిగ్గా పట్టని టేపు సాగదు, జారుతుంది.

లేచిన కొసని మళ్లీ మళ్లీ నొక్కడం ఆపేయండి. ఆ జిగురులోకి ఇప్పటికే దుమ్ము, తడి వెళ్లిపోయాయి, ఇక అది పట్టదు. సూపర్ గ్లూ అసలు పోయకండి, దాని పట్టు పెళుసు, పైగా పెయింట్ పాడవుతుంది. ఆ వైజర్ మొత్తం తీసి, పాత టేపు ఒలిచి, అదే రకం అక్రిలిక్ నురగ టేపు కొత్తది వేసుకోవడమే సరైన పని.

రెండో సెట్ సంగతి. ఈ టేపులకి సాధారణంగా చెప్పే మంచి ఉష్ణోగ్రత 21 నుంచి 38 డిగ్రీల సెల్సియస్, చాలా రకాలకి 10 డిగ్రీల కంటే తక్కువలో అంటించవద్దని రాసి ఉంటుంది. ఇక్కడే అందరూ పొరబడతారు, ఆ లెక్క గాలికి కాదు, అంటించే చోటుకి. ఫోన్‌లో వాతావరణం 15 అని చూపిస్తున్నా రాత్రంతా బయట నిలబడ్డ కారు డోర్ ఇంకా 6 దగ్గరే ఉండొచ్చు. అదే మధ్యాహ్నం ఎండకి ఎదురుగా పెట్టిన నల్ల ఫ్రేమ్ గాలికంటే చాలా వెచ్చగా ఉంటుంది. కాబట్టి చేయి పెట్టి చూడండి, చేతికి చల్లగా తగిలితే ఇంకా టైమ్ ఉందని అర్థం. దూరం నుంచే వేడి చూపించే చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా మంచిది.

గ్యారేజీ ఉంటే ఆగక్కర్లేదు. ముందురోజే కారు లోపల పెట్టి గదిని వెచ్చగా ఉంచండి. చల్లటి కారుని వెచ్చటి గదిలోకి తెచ్చిన వెంటనే మాత్రం మొదలుపెట్టకండి, అద్దం మీద ఊపిరి వదిలినట్టు డోర్ అంతా సన్నటి చెమ్మ పడుతుంది, కంటికి సరిగ్గా కనపడదు కూడా. ఆ చెమ్మ మీద ఎంత ఖరీదైన టేపైనా పట్టదు. కారు పూర్తిగా గది వేడికి రావాలి. వైజర్లు కూడా ముందురోజు రాత్రే ఇంట్లో పెట్టుకోండి, వెచ్చబడితే వంపు కూడా చెప్పినట్టు వింటుంది.

శుభ్రం చేయడానికి ముందు సబ్బు నీళ్లు, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి శుభ్రమైన గుడ్డతో ఒకే వైపుకి తుడవండి, ఆరకముందే ఇంకో పొడి గుడ్డతో తుడిచేయండి. చలిలో ఇది నిదానంగా ఆరుతుంది, ఎగిరిపోయిందిలే అనుకోవద్దు. వ్యాక్స్, పాలిష్ వేసిన కారైతే రెండుసార్లు చేయండి. చేతులకి రాసుకునే శానిటైజర్ వాడకండి, అందులో గ్లిజరిన్ లాంటివి ఉంటాయి, జిడ్డు పొర మిగులుతుంది. ఆల్కహాల్ డోర్‌కే, వైజర్‌కి కాదు, వంచి ఉన్న అక్రిలిక్ మీద పడితే సన్నటి గీతల్లా పగుళ్లు రావచ్చు. సెట్‌తో పాటు చిన్న ప్రైమర్ (టేపు బాగా పట్టడానికి ముందుగా రాసే ద్రవం) ప్యాకెట్ వస్తే టేపు తాకే చోట మాత్రమే పల్చగా రాసి ఆరనివ్వండి.

టేపు పై కాగితం మొత్తం ఒకేసారి లాగేయకండి. రెండు కొసల్లో రెండు మూడు అంగుళాలు ఒలిచి, ఆ తోకలు బయటికి మడిచి, వైజర్ సరైన చోట ఆనించి, కొసలు కుదిరాక తోకల్ని నెమ్మదిగా లాగుతూ వెళ్లండి. ఆ తర్వాత బొటనవేలితో ఒక చివర నుంచి ఇంకో చివరకి, ప్రతి జానెడు చోటా పది సెకన్లు గట్టిగా నొక్కండి. ఈ జిగురు పట్టేది ఒత్తిడికే, తడిమితే చాలదు. గంట తర్వాత మళ్లీ ఒకసారి, ముఖ్యంగా కొసలు.

తర్వాతిదే చాలామంది వదిలేసే భాగం. గది వేడిలో ఈ టేపు 20 నిమిషాలకి సగం పట్టు, ఒక రోజుకి 90 శాతం, 72 గంటలకి పూర్తి పట్టు తెచ్చుకుంటుంది. అంటే అంటించిన గంటకే కారుని గడ్డకట్టే చలిలోకి తీస్తే ఆ పని మధ్యలోనే ఆగిపోయినట్టు. కనీసం ఒక రాత్రి వెచ్చగా ఉంచండి, మూడు రోజులు ఉంచగలిగితే చాలా మంచిది. ఆ మూడు రోజులు కారు కడగడం వద్దు, ప్రెషర్ వాషర్ దగ్గరికే వద్దు, హైవే స్పీడు వద్దు, డోర్ దబాల్న వేయకండి.

ప్రశ్న: మాకు గ్యారేజీ లేదు. బయట సున్నా డిగ్రీల చుట్టుపక్కల ఉంటోంది. హెయిర్ డ్రయర్ ఉంది, దాంతో వేడి చేసి అంటించేస్తే సరిపోదా?

జవాబు: సున్నా దగ్గర వద్దండి, నిజంగా చెప్తున్నాను. డ్రయర్‌తో డోర్‌ని వెచ్చచేయడం కష్టం కాదు, కానీ డోర్ రేకు సన్నం, మీరు డ్రయర్ పక్కన పెట్టి కాగితం ఒలిచేలోపే సగం వేడి పోతుంది, ఆ తర్వాత వచ్చే రాత్రంతా మళ్లీ సున్నాయే. అంటించే క్షణం ఒక్కటే వెచ్చగా ఉంటే చాలదు.

పగలు 10 డిగ్రీలు దాటి, ఎండ కూడా ఉన్న రోజు దొరికితే మాత్రం చేయొచ్చు. ఉదయం పదిన్నర, పదకొండుకి మొదలుపెట్టండి, సాయంత్రం వద్దు, టేపుకి కొన్ని గంటల ఎండ దొరకాలి. అద్దాలు మూసి కారు హీటర్ ఫుల్లుగా ఇరవై నిమిషాలు వేస్తే ఫ్రేమ్ లోపలి నుంచి వెచ్చబడుతుంది. గాలి ఆడే చోటే ఇంజిన్ ఆన్‌లో పెట్టండి, మూసిన షెడ్డులో ఎప్పుడూ వద్దు, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణాలకే ప్రమాదం. తర్వాత బయటి నుంచి డ్రయర్, జానెడు దూరంలో, ఒకచోట ఆపకుండా అటూ ఇటూ తిప్పుతూ. ఒక డోర్ పూర్తయ్యాకే ఇంకో డోర్‌కి వెళ్లండి, నాలుగూ ముందే వేడి చేసి పెట్టుకుంటే నాలుగోదానికి వచ్చేసరికి అది మళ్లీ చల్లబడి ఉంటుంది. అంటించాక కూడా పైనుంచి ఒకసారి డ్రయర్ తిప్పి మళ్లీ నొక్కండి.

హీట్ గన్ మాత్రం వద్దు. దాని గాలి వందల డిగ్రీల్లో ఉంటుంది, అక్రిలిక్ 100 డిగ్రీల దగ్గరకి వచ్చేసరికే మెత్తబడి వంకర పోతుంది, పెయింట్ కూడా లేచిపోవచ్చు. ఇలాంటి రోజు దొరక్కపోతే వైజర్లు పెట్టెలోనే ఉంచి ఆగండి. రెండు నెలలు ఆగితే పోయేదేమీ లేదు, ఊడి రోడ్డు మీద వెనక బండి వాళ్లకి తగిలితే అది వేరే సంగతి.

ప్రశ్న: టేపు లేకుండా అద్దం గాడిలో దూర్చే రకం ఉందట కదా. చలిలో అదైతే గొడవ లేదా?

జవాబు: జిగురు గొడవ తక్కువ, కొన్నింటికి కొసల్లో చిన్న టేపు ముక్కలు ఉంటాయి అంతే. కానీ ఆ రకాన్ని విల్లులా వంచి గాడిలోకి దూర్చాలి, చల్లగా ఉన్న అక్రిలిక్‌ని అలా వంచితే ఫట్‌మని విరుగుతుంది, ఒకసారి విరిగితే చేసేదేమీ లేదు. గాడిలో ఉండే రబ్బరు కూడా చలికి రాయిలా ఉంటుంది. ఇంట్లో గంటో రెండు గంటలో వెచ్చబెట్టి, ఇంకా వెచ్చగా ఉండగానే వంచండి, రబ్బరుకి డ్రయర్ చూపించండి.

వేశాక అద్దం మెల్లగా పైదాకా ఎక్కించి, ఒక రోజంతా, వీలైతే ఇంకా ఎక్కువ అలాగే మూసి ఉంచండి, రబ్బరు సర్దుకుంటుంది. ఆటో విండో ఉన్న కార్లలో అద్దం పైకి వెళ్లి, ఏదో అడ్డం ఉందనుకుని తనంతట తనే కిందికి దిగిపోతుంది. చేతులు నలగకుండా పెట్టిన రక్షణ అది, పాడైందని టెన్షన్ పడకండి. స్విచ్ కొద్దికొద్దిగా నొక్కుతూ పైదాకా తీసుకెళ్లండి. అప్పటికీ కిందికి దిగిపోతూనే ఉంటే కారు మాన్యువల్‌లో విండో రీసెట్ ఎలా చేయాలో ఉంటుంది, చాలా కార్లలో అద్దం పైకి వెళ్లాక స్విచ్‌ని కొన్ని సెకన్లు పట్టి ఉంచడమే.

ప్రశ్న: ఊడిన వైజర్ తీసేశాను, పెయింట్ మీద జిగురు మిగిలింది. చాకుతో గీకనా?

జవాబు: చాకు ముట్టుకోకండి. డ్రయర్‌తో వెచ్చచేసి బొటనవేలితో ఉండలుగా చుట్టి లాగితే చాలావరకు వచ్చేస్తుంది, మిగిలినదానికి కార్లకి వాడే జిగురు రిమూవర్ చాలు. సగం పట్టి ఉన్న వైజర్ తీయాలన్నా వేడి చేసి, చేపలు పట్టే నైలాన్ దారం వెనక నుంచి రంపంలా లాగండి. కొత్త టేపు వేసేముందు ఆ రిమూవర్ జిడ్డు పూర్తిగా పోయేలా మళ్లీ ఆల్కహాల్‌తో తుడవడం మర్చిపోకండి.

ప్రశ్న: ఎండాకాలంలో వేసిన వైజర్లు మూడేళ్లుగా బాగానే ఉన్నాయి. ఈసారి చలి చాలా ఎక్కువ, ఊడతాయేమోనని భయంగా ఉంది.

జవాబు: భయపడకండి, అవి ఊడిపోవు. అంటించేటప్పుడే ఈ టేపుకి చలి పడదు, ఒకసారి పూర్తిగా పట్టాక సున్నా కిందికి వెళ్లినా పట్టుకునే ఉంటుంది. మంచు పేరుకుంటే మెత్తటి బ్రష్‌తో దులపండి, గీకుడు పలకతో వైజర్‌ని కొట్టకండి, వేడినీళ్లు అసలు పోయకండి, వైజరే కాదు అద్దం కూడా పగలొచ్చు.