కొత్త టీవీ చట్టాన్ని నమ్మి బిడ్డను యాంకర్ చేయాలా?

ప్రశ్న: దేవరకొండ దగ్గర కేబుల్ నడుపుతున్నాను. ఏటా కనెక్షన్లు తగ్గుతున్నాయి. కేంద్రం కొత్త చట్టంతో టీవీ రంగంలో ఆంక్షలు ఎత్తేస్తుందట, చానళ్లు పెరుగుతాయట. మా బిడ్డ ఇంటర్ ఎంపీసీ అయింది. హైదరాబాద్‌లో ఏడాది యాంకరింగ్ కోర్సులో చేర్పిద్దామని ఉంది. తనేమో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ ఇంజినీరింగ్) అంటోంది. ఏది మేలు?

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించే గానీ, మీ బెంగంతా ఇన్నేళ్లు గుంజిన తీగ రేపు ఎందుకూ కొరగాకుండా పోతుందేమోనని. కేబుల్ నడిపే చాలామంది తండ్రుల ప్రశ్నల వెనక ఇదే ఉంటుంది.

ముందు చట్టం సంగతి. 2023 నవంబరు 10న సమాచార ప్రసార శాఖ విడుదల చేసిన ముసాయిదా పేరే ప్రసార సేవల నియంత్రణ బిల్లు. 1995 నాటి కేబుల్ చట్టం స్థానంలో వచ్చి, ఓటీటీలను కూడా తన కిందికి తెచ్చుకోవాలని చూసింది. పగ్గాలు వదిలే బిల్లు కాదది. సవరించిన ప్రతి మీద గొడవ లేచాక, 2024 ఆగస్టులో దాన్నీ వెనక్కి తీసుకున్నారు.

నిజంగా సడలింది వేరొకటి. కనెక్షన్‌కు వసూలు చేసే నెట్‌వర్క్ ఫీజు 200 చానళ్లకు నెలకు 130 రూపాయలు దాటొద్దన్న పరిమితిని, నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 జులైలో ఎత్తేసింది. కానీ ఆ రేటు ప్రకటించేది మీ పైన ఉన్న ఎంఎస్‌ఓ, అంటే మీకు సిగ్నల్ ఇచ్చే పెద్ద ఆపరేటర్. వేరే ఒప్పందం కుదరకుంటే ఆ ఫీజులో నూటికి అతనికి 55 వంతులు, మీకు 45. అంటే ఆ స్వేచ్ఛ మీ గల్లీ దాకా రాలేదు. రేటు పెరిగితే మాటలు పడేది మాత్రం వసూలుకు పోయే మీరు.

ఇక చానళ్లు. 2022 మార్గదర్శకాల ప్రకారం వార్తా చానల్ పెట్టే కంపెనీకి 20 కోట్ల నికర విలువ చూపాలి. రేపు అనుమతి సులువైనా ఉపగ్రహంలో ట్రాన్స్‌పాండర్ అద్దె, జీతాలు తప్పవు. ప్రకటనల పైసలేమో ఫోన్ల వైపు పోతున్నాయి.

ఆ యాంకరింగ్ కోర్సు మీద నాకు నమ్మకం లేదు. ఇంటర్ తర్వాత ఏడాది సర్టిఫికెట్ డిగ్రీ కాదు. పీజీకీ, డిగ్రీ అడిగే సర్కారు నోటిఫికేషన్లకూ పనికిరాదు. ప్లేస్‌మెంట్ ఉందంటే, కిందటి బ్యాచ్‌లో ఎవరికి ఏ కంపెనీ జీతం స్లిప్ ఇచ్చిందో చూపమనండి. జీతం లేని ఇంటర్న్‌షిప్‌ను కూడా ఉద్యోగం కింద లెక్కగట్టేవాళ్లుంటారు. తెర మీద ఒక్కరు కనబడితే వెనక డెస్క్, కెమెరా, ఎడిటింగ్, పీసీఆర్ (కంట్రోల్ రూమ్)లో చాలామంది పనిచేస్తారు. బిడ్డకు వార్తల మీద నిజంగా మనసుంటే డిగ్రీ చదివి, ఆ తర్వాత ఉస్మానియాలో జర్నలిజం పీజీ చేయొచ్చు. కానీ మనసు ఆమెది కాదు, మీది. ఏం చదవాలో బిడ్డ నోరు తెరిచి చెప్పింది. మీ వ్యాపారం భయాన్ని ఆమె నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

ఈసీఈ చదవనివ్వండి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్), కౌన్సెలింగ్ సంగతులు మీకు తెలిసినవే. మీరు తీగ గుంజిన దారి కూడా వృథా కాదు, ఇంటర్నెట్‌కు పనికొస్తుంది. అయితే కోయాక్స్ (పాత టీవీ కేబుల్) తీసి ఇంటి దాకా ఫైబర్ వేయాలి, లెక్క తెలిసినవాళ్లు ఉండాలి. ఫైబర్‌లో వచ్చే లైట్‌ను ఎనిమిదిగా పంచే ఒక 1:8 స్ప్లిటర్ దగ్గరే 10 డీబీ (డెసిబెల్, లైట్ ఎంత తగ్గిందో చెప్పే కొలత) పైగా పోతుంది. ఒకదాని వెనక ఇంకొకటి పెడితే 20 దాటుతుంది. మామూలు జీపాన్ (ఇళ్లకు ఫైబర్ నెట్ ఇచ్చే పద్ధతి)లో, ఇంట్లో ఓఎన్‌యూ అనే ఫైబర్ బాక్సు దగ్గర లైట్ మైనస్ 27 డీబీఎం కంటే కిందికి పడితే నెట్ ఆగిపోవచ్చు. మంచి అతుకు 0.1 డీబీ లోపే తింటుంది. ఆకుపచ్చ కనెక్టర్‌ను నీలం దానికి బిగిస్తే లైట్ బాగా పడిపోతుంది. కుర్రాళ్లేమో మీటరు పెట్టకుండా బాక్సులు మారుస్తూ పోతారు.

ఈ సెలవుల్లో వారం రోజులు, లైట్ కొలిచే పవర్ మీటరు బిడ్డ చేతికివ్వండి. ఫైబర్ చేరిన ఇరవై ఇళ్లలో రీడింగ్ రాయమనండి. ఎక్కడ ఎందుకు పడిపోయిందో తనే వెతికితే, ఈసీఈ ఆమెకు నప్పుతుందో లేదో మీకే తెలుస్తుంది. స్తంభం మాత్రం ఎక్కనివ్వొద్దు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కరెంటు తగిలి ప్రాణాలు పోయాక హైదరాబాద్‌లో స్తంభాల మీది కేబుళ్లు కోసేశారు. మీ తీగలకు కరెంటు సంస్థ టీజీఎస్పీడీసీఎల్ అనుమతి కాగితం ఉందో లేదో వెతకండి. ఎల్‌సీఓ (లోకల్ కేబుల్ ఆపరేటర్) రిజిస్ట్రేషన్ కూడా 2025 జనవరి నుంచి పోస్టాఫీసులో కాదు, ఆన్‌లైన్‌లోనే. ఐదేళ్లకు 5,000 రూపాయలు. గడువు ముగియడానికి 90 రోజుల ముందే రెన్యూవల్‌కు పెట్టాలి.