సముద్రం కనబడే గదా, నడిచి వెళ్ళే గదా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పుదుచ్చేరి గురించే. సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయి. చెన్నైలో ఉన్నవాళ్ళకి పొద్దున్న కారు తీస్తే టిఫిన్ అరిగేలోపు చేరిపోయే ఊరు అది. మా అక్కా బావా ముత్తియాల్‌పేటలో ఇరవై రెండేళ్ళు కాపురం ఉన్నారు. వాళ్ళు పిల్లల దగ్గరికి వెళ్ళిపోయాక నేను లాడ్జీల పాలయ్యాను. అంచేత పాండి గురించి ఇంటి భోజనం తెలుసు, లాడ్జీ దుప్పటీ తెలుసు. తెలిసినంతవరకు చెబుతాను.

*

ప్రశ్న: మేం ఆరుగురం. మా అత్తగారికి డెబ్భై రెండేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, కోడిగుడ్డు వాసన కూడా పడదు. మా మరిదికి ఫ్రెంచి తిండి తినాలని కోరిక. పిల్లలిద్దరికీ సముద్రం ఉంటే చాలు. రెండు రాత్రులు ఉంటాం. ఫోన్‌లో చూస్తే ప్రతి హోటలూ సముద్రం పక్కనే ఉన్నట్టు రాస్తోంది. ఎక్కడ దిగమంటారు? ఎక్కడ తినమంటారు?
– ఒక పాఠకురాలు, అయనావరం

జవాబు: ముందు ఆ 'సీ వ్యూ' సంగతి తేల్చేద్దాం. నాలుగేళ్ళ కిందట నేనూ ఆ రెండు ముక్కలకే పడిపోయి, మామూలు గదికి ఒకటిన్నర రెట్లు కట్టాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కిటికీ తీస్తే పక్కింటి డాబా మీద రెండు నల్ల నీళ్ళ ట్యాంకులు, వాటి సందులో తువ్వాలంత సముద్రం. కిందకి దిగి అడిగితే కౌంటర్లో కుర్రాడు ఎంతో మర్యాదగా, "కనిపిస్తోందా లేదా చెప్పండి మేడమ్" అన్నాడు. కనిపిస్తోంది. ఇంకేమనను?

ఆ ఊళ్ళో సముద్రం కనబడే గది కంటే, సముద్రానికి నడిచి వెళ్ళగలిగే గది మేలు. పాత ఊరి మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణానికి ఒక పెద్ద కాలువ ఉంది. దానికి తూర్పున, సముద్రం వైపు ఉన్నది ఫ్రెంచివాళ్ళ పేట. పసుపు గోడలు, తెల్ల అంచులు, గోడల మీదినుంచి వేలాడే కాగితపు పూలు, పెళ్ళికి ముందు ఫొటోలు దిగే జంటలు, అన్నీ అక్కడే. కాలువకి పడమట తమిళపేట. అందరూ తూర్పున దిగాలని ఎగబడతారు, అందుకే అక్కడ అద్దెలు అంత. మీరు పడమట, కాలువకి రెండు మూడు వీధుల లోపల చూసుకోండి. అక్కడినుంచి సముద్రం ఒడ్డుకి పది పన్నెండు నిమిషాల నడక. మీ అత్తగారి అడుగుకి ఇరవై అనుకోండి. ఆవిడ నడవలేకపోతే ఆటో ఎలాగూ ఉంది.

తమిళపేటలో పాత చెట్టియార్ల ఇళ్ళు కొన్నింటిని హోటళ్ళుగా మార్చారు. వీధి వైపు అరుగు, లోపల కొయ్య స్తంభాలు, నడిమధ్యన ఆకాశం కనబడే మండువా. పెరుమాళ్ కోయిల్ వీధిలోని మైసన్ పెరుమాళ్ అలాంటిదే. ఖరీదైనదే, కానీ ఒక్క రాత్రి ఉన్నా ఆ మండువాలో కూర్చుని కాఫీ తాగడం నాకైతే గిట్టుబాటు అనిపించింది. అంత పెట్టనక్కరలేదనుకుంటే మిషన్ వీధి, నెహ్రూ వీధి చుట్టుపక్కల మామూలు లాడ్జీలు చాలానే ఉన్నాయి. ఎక్కడ తీసుకున్నా డబ్బు కట్టకముందే ఫోన్ చేసి రెండు సంగతులు అడగండి: కింది అంతస్తులో గది ఉందా, కారు ఎక్కడ పెట్టాలి అని. పాత ఇళ్ళలో మెట్లు నిటారుగా ఉంటాయి, ఎత్తు కూడా ఎక్కువ. మీ అత్తగారి మోకాళ్ళకి అవి శత్రువులు. ఇక సముద్రం ఒడ్డు రోడ్డు మీదికి సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఏడున్నర దాకా బళ్ళు రానివ్వరు. ఆ రోడ్డు మీదే గది తీసుకున్నవాళ్ళు రాత్రిపూట పెట్టెలు మోసుకుంటూ నడవడం కళ్ళారా చూశాను.

బళ్ళు ఉండవు కాబట్టే ఆ రోడ్డు బాగుంటుంది. పొద్దున్న అయిదున్నరకి అందర్నీ లేపండి. పిల్లలు గునుస్తారు, లేపండి. మన మెరీనాలో లాగే సూర్యుడు నీళ్ళలోంచే వస్తాడు, కానీ ఇక్కడ మీకూ సూర్యుడికీ మధ్య అర కిలోమీటరు ఇసుక ఉండదు. గాంధీ విగ్రహం చుట్టూ ఉన్న రాతి స్తంభాలు సెంజి నుంచి తెచ్చినవంటారు, వాటికి ఆనుకుని కూర్చోవచ్చు. ఎదురుగా 1836 నాటి పాత దీపస్తంభం. తెలుగు సినిమా పాటల్లో దాన్ని మీరు చూసే ఉంటారు, కాకపోతే వైజాగ్ అనుకుని ఉంటారు.

తిండి దగ్గరికి వద్దాం. మీ అత్తగారికి మిషన్ వీధిలో సుర్గురు ఉంది. ఇడ్లీ, పొంగలి, మధ్యాహ్నం భోజనం, ఆవిడకి కొత్త అనిపించేది ఏదీ ఉండదు. ఫ్రెంచి బేకరీల్లో మాత్రం 'వెజ్' అన్న మాటని నమ్మి పెట్టకండి. కూరగాయలతో చేసిన కీష్ (పిండి గిన్నెలో కూరలు పెట్టి కాల్చేది) అన్నా అందులో గుడ్డు ఉంటుంది, క్రువసాఁ అనే పొరల రొట్టె పైన ఆ నిగనిగ కూడా చాలాచోట్ల గుడ్డు పూతే. ఆవిడకి ముందే టిఫిన్ పెట్టించి, బేకరీకి కాఫీ కోసమని తీసుకెళ్ళండి. ఎవరికీ ఇబ్బంది ఉండదు.

మీ మరిదిని బుస్సీ వీధిలోని బేకర్ స్ట్రీట్‌కి పంపండి. పొడుగు రొట్టె, క్రువసాఁ, కీష్ పొద్దున్నే తింటేనే బాగుంటాయి, సాయంత్రానికి మెత్తబడిపోతాయి. రాత్రి భోజనం కాస్త ఘనంగా కావాలంటే సఫ్రెన్ వీధిలో విల్లా శాంతి ఉంది. మధ్య లోగిట్లో బల్లలు వేస్తారు. సెలవుల్లో ముందుగా చెప్పి పెట్టుకోకపోతే నిలబడాల్సిందే.

అయితే ఆయన ఫ్రెంచి తిండి అంటే ఫ్రాన్సు తిండి అనుకుంటున్నట్టున్నారు. అది చెన్నైలో పెద్ద హోటళ్ళలోనూ దొరుకుతుంది. పాండిది వేరే కథ. ఫ్రెంచివాళ్ళకి వియత్నాం కూడా ఉండేది కదా. ఇక్కడివాళ్ళు సిపాయిలుగా, గుమాస్తాలుగా సైగాన్ వెళ్ళారు. కొందరు అక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని తిరిగొచ్చారు. ఆ ఇళ్ళలో మామిడికాయ పచ్చడి పక్కనే నెమ్‌లు కూడా వేగేవి. బియ్యప్పిండి రేకులో మాంసమో రొయ్యలో చుట్టి వేయిస్తారు. మా అక్కావాళ్ళ వీధి చివర ఇంట్లో ముసలమ్మ తమిళం, ఫ్రెంచి, ఇంకో భాష కలిపి కోడలిని తిట్టేది. ఆ మూడోది వియత్నాం భాష అని నాకు చాలా ఏళ్ళకి తెలిసింది. పెన్షన్ ఇప్పటికీ ఫ్రాన్సు నుంచి వచ్చే పాత సిపాయిల కుటుంబాల్ని అక్కడ 'సొల్దా' ఇళ్ళు అంటారు. కాబట్టి మీ మరిదిని మెనూలో ఫ్రెంచి పేర్ల కోసం కాకుండా 'క్రియోల్' అన్న మాట కోసం వెతకమనండి, అంటే ఇక్కడి వంటా ఫ్రెంచివాళ్ళ వంటా కలిసిపోయినది. కొబ్బరిపాలు, మిరియం, మన తాలింపు వేసి, కారం మాత్రం మన లెక్కలో సగం వేసిన చేపల కూర వస్తే, సరైన చోటే కూర్చున్నారన్నమాట.

పిల్లల సముద్రం సంగతి కింద ఇంకో ఉత్తరంలో ఉంది, అది తప్పకుండా చదవండి.

*

ప్రశ్న: అరవిందాశ్రమం అతిథి గృహాలు చవకా శుభ్రం అని విన్నాను. మేం భక్తులం కాదు. మాకు ఇస్తారా?
– ఒక పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: ఇస్తారు. ఒడ్డు రోడ్డుకి దక్షిణపు చివర పార్క్ గెస్ట్ హౌస్ ఉంది చూశారూ, ఊళ్ళో నిజమైన సీ వ్యూ అదే! తోట దాటితే అలలు. పై హోటల్ వాళ్ళు నాకు చూపించిన తువ్వాలు సముద్రానికి ఇక్కడ పూర్తి చీర దొరుకుతుంది. కానీ అది ఆశ్రమం, హోటల్ కాదు. గదిలో టీవీ ఆశించకండి, మందూ సిగరెట్టూ కుదరవు, రాత్రి పదిన్నరకి గేటు వేసేస్తారు. ఆ తర్వాత వచ్చి గేటు కొట్టి పరువు పోగొట్టుకోవద్దు. ఆగస్టు 15 అరవిందుల పుట్టినరోజు, ఫిబ్రవరి 21 ఆయనతో పాటు ఆశ్రమాన్ని నడిపిన మదర్ పుట్టినరోజు. ఏప్రిల్ 24, నవంబరు 24 కూడా వాళ్ళకి దర్శనం రోజులే. ఆ తేదీల చుట్టూ అడగడం దండగ, భక్తులకే చాలవు.

ఆశ్రమం భోజనశాలలో కూపన్ తీసుకుని తినవచ్చు. అన్నం, పప్పు, కూర, పెరుగు, రొట్టె. కారం ఉండదు. మా ఆయన మొదటిసారి తిని, "జ్వరం తగ్గినవాళ్ళకి పెట్టే భోజనంలా ఉంది" అన్నారు, రెండోసారి కూడా ఆయనే తీసుకెళ్ళమన్నారు.

*

ప్రశ్న: పిల్లలు స్నానం చేయడానికి గాంధీ విగ్రహం దగ్గర బీచ్ బాగుంటుందా?
– ఒక తల్లి, వేళచ్చేరి

జవాబు: వద్దమ్మా. అక్కడ చాలా దూరం నల్ల బండరాళ్ళే. ఒకప్పుడు ఇసుక ఉండేది. ఈ తీరంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. ఊరికి దక్షిణాన అరియాంకుప్పం ఏరు కలిసే చోట రేవు కోసం సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. ఇసుక వాటికి అడ్డుపడి అవతలే ఆగిపోయింది, ఊరి ముందున్నది కోసుకుపోయింది. మిగిలిన రోడ్డునైనా కాపాడుకోవాలని రాళ్ళు పోశారు. తర్వాత మన పళ్ళికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ళు సచివాలయం ఎదురుగా నీళ్ళ అడుగున ఒక దిబ్బ కట్టించాక కొంత ఇసుక తిరిగొచ్చింది. ఆ ఇసుక మీద ఆడుకోనివ్వండి, నీళ్ళలోకి మాత్రం చీలమండ దాటి పంపకండి. లోపల గుంజుడు ఎక్కువ.

పిల్లలకి పడవ సరదా కావాలంటే చున్నాంబారు వెళ్ళండి. అక్కడినుంచి వెనకజలాల మీద పడవలో పారడైజ్ బీచ్‌కి తీసుకెళ్తారు. ఆదివారం వెళితే పడవలో కంటే క్యూలో ఎక్కువసేపు ఉంటారు. శనివారం పొద్దున్నే పని కానివ్వండి.

*

ప్రశ్న: మా ఆవిడ పుట్టిల్లు యానాం. కాగితాల మీద వాళ్ళ రాజధాని పుదుచ్చేరి కదా, అక్కడ తెలుగు నడుస్తుందని ఆవిడ, నడవదని నేను పందెం వేసుకున్నాం.
– ఒక పాఠకుడు, చూళైమేడు

జవాబు: పందెం మీ ఆవిడే గెలిచారు, కానీ కొంచెమే. యానాం, కారైక్కాల్, మాహే, పుదుచ్చేరి నాలుగూ ఒకే కేంద్రపాలిత ప్రాంతం. అందుకే ప్రభుత్వ కార్యాలయాల్లో యానాం నుంచి పనిమీద వచ్చినవాళ్ళు, గోదావరి యాసలో విసుక్కుంటూ ఎప్పుడూ కనబడతారు. వీధిలో మాత్రం తమిళమే. కాకపోతే వైశ్యాళ్ వీధి అని ఒకటుంది, పేరులోనే చుట్టరికం వినిపిస్తోంది కదూ. మహాత్మాగాంధీ వీధిలో కన్యకా పరమేశ్వరి గుడి ఉంది. చర్చిల్లో ఉండే రంగు అద్దాలు అమ్మవారి గుడికి పెట్టడం నేను ఇంకెక్కడా చూడలేదు. మీ ఆవిడని అక్కడికి తీసుకెళ్ళి, ఓడిపోయిన పందెం అక్కడే తీర్చుకోండి.

*

ప్రశ్న: తిరిగొచ్చేటప్పుడు ఏం తెచ్చుకోవాలి? మా వారు చవకగా దొరుకుతాయని సీసాల లెక్క వేస్తున్నారు.
– పేరు వద్దన్న పాఠకురాలు, కొళత్తూరు

జవాబు: మీ వారితో చెప్పండి, సరిహద్దు దాటగానే తమిళనాడు తనిఖీ చౌకీ ఉంటుంది. అక్కడ బస్సులో అందరి ముందూ సంచి విప్పాల్సి వస్తే, మిగిలిన డబ్బు కంటే పోయే పరువు ఎక్కువ.

నేను తెచ్చుకునేది వడవం. గూబేర్ మార్కెట్లో ఎండు సరుకుల దుకాణాల్లో అడగండి. ఉల్లిపాయలు, వెల్లుల్లి, ఆవాలు, మినప్పప్పు, ఆముదం కలిపి ఉండలు చేసి ఎండబెడతారు. చిత్తూరు, నెల్లూరు వైపు వాళ్ళు తాలింపు వడియాలంటారే, వాటికి దగ్గరి చుట్టం. ఫ్రెంచివాళ్ళు దీన్నే 'వదూవాన్' అని తీసుకెళ్ళి మాంసం మీద చల్లుకుంటున్నారు. చిన్న ఉండ ఒకటి నూనెలో చిదిమి చేపల పులుసులో వేయండి, శాకాహారులైతే వంకాయ పులుసులో.

మూడు సంచుల్లో కట్టించండి, ఒక్కటి చాలదు. కిందటేడు నేను ఒకే కవరులో తెచ్చాను. మరక్కాణం ఉప్పు మళ్ళు దాటేసరికి బస్సంతా ఆవాల తాలింపు వాసన. వెనక సీట్లో ఒకాయన లేచి, "ఎవరమ్మా ఇక్కడ వంట చేస్తున్నది" అని అడిగాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.